పోమోస్ వెళ్ళే ముందు డబ్బు లెక్క చూసుకోండి

ప్రశ్న: లిమసోల్‌లో ఒక నౌకా రవాణా సంస్థలో ఉద్యోగానికి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. రద్దీ లేని సముద్రతీర గ్రామంలో నేనూ నా భార్యా నాలుగు రోజులు గడపాలనుకుంటున్నాము. పోమోస్ బాగుంటుందని విన్నాము. మాకు కారు లేదు. నా భార్య శాకాహారి. ఎలా వెళ్ళాలి, ఏమేం చూసుకోవాలి?

జవాబు: సైప్రస్‌కు కొత్తగా వచ్చిన మనవాళ్ళు సెలవు దొరికితే చాలు అయియా నాపాకో ప్రోటరాస్‌కో పరుగెత్తి, జనం మధ్య నలిగి, చేతిలో ఉన్నదంతా ఖర్చు పెట్టుకుని తిరిగి వస్తారు. మీరు పోమోస్ పేరు ఎత్తినందుకు ముందుగా మిమ్మల్ని మెచ్చుకుంటున్నాను. పాఫోస్ జిల్లా ఉత్తరపు కొసన, క్రిసోఖూ అఖాతం ఒడ్డున, వెనుక తిల్లిరియా కొండలు, ముందు సముద్రం ఉన్న చిన్న ఊరు అది. చేపల పడవలు ఆగే చిన్న రేవు ఒకటి, గులకరాళ్ళూ ఇసుకా కలిసిన ఒడ్డు, టావెర్నాలు అనే చిన్న భోజనశాలలు కొన్ని, ఒక చర్చి, కాఫీ దుకాణంలో పేకాడుకునే పెద్దవాళ్ళు. అంతకు మించి ఏదో ఉంటుందని ఆశపడి వెళ్ళకండి. అది లేకపోవడమే ఆ ఊరి గొప్పతనం.

అయితే మీ ఉత్తరంలో ఎక్కడా డబ్బు మాట లేదు. అదే నన్ను కలవరపెట్టింది. నిశ్శబ్దంగా ఉండే పల్లె కాబట్టి ఖర్చు తక్కువ అవుతుందని మన కొత్తవాళ్ళు చాలామంది అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాము. నరసాపురం దగ్గర సముద్రపు ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని కాబట్టి, తీరంలోని పల్లె అంటే చవక అన్న నమ్మకం నా మనసులో పాతుకుపోయి ఉండేది. మావారు సైప్రస్‌కు రావడానికి మా మామగారు నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారు. ఆ అప్పు తీరనంత కాలం చేతికి వచ్చిన ప్రతి యూరోనూ వందతో గుణించి చూసుకుంటూ బతికాము. అంత జాగ్రత్తగా ఉండి కూడా పోమోస్‌కు మేము చేసిన మొదటి ప్రయాణంలో ఎక్కడెక్కడ డబ్బు పోగొట్టుకున్నామో వివరంగా చెబుతాను, మీకు పనికి వస్తుంది.

మొదటి దెబ్బ దారిలోనే తగిలింది. లిమసోల్ నుంచి పాఫోస్‌కు బస్సు, అక్కడి నుంచి పోలిస్ అనే చిన్న పట్టణానికి మరొక బస్సు, పోలిస్ నుంచి పోమోస్‌కు ఇంకొకటి. పాఫోస్ దాకా దాదాపు 70 కిలోమీటర్లు, అక్కడి నుంచి పోలిస్‌కు 35, ఆపైన ఒడ్డు వెంబడి ఇంచుమించు 20. వెళ్ళేటప్పుడు బస్సు టికెట్లు చాలా చవకగా వచ్చేసరికి మాకు పట్టలేని సంతోషం కలిగింది. తిరుగు ప్రయాణానికి ఆదివారం పెట్టుకున్నాము. పోలిస్ దాటిన తర్వాత పల్లెలకు వెళ్ళే బస్సులు మామూలు రోజుల్లోనే వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్ని. ఆదివారం వాటి వేళలే వేరు. మేము చేతిలో పెట్టుకుని తిరిగిన వేళల పట్టిక మామూలు రోజులదని గది యజమానురాలు చెప్పేదాకా మాకు తెలియలేదు. సోమవారం తెల్లవారితే మావారు డ్యూటీలో ఉండాలి. చివరికి పాఫోస్ నుంచి టాక్సీని పిలిపించుకోవలసి వచ్చింది. ఆ ఒక్క టాక్సీకి ఇచ్చిన డబ్బుతో మా ఇంట్లో రెండు వారాల కిరాణా వచ్చేది. దారి పొడవునా ఇద్దరమూ మాట్లాడుకోలేదు.

అందువల్ల నా మాట విని మీరు కారు అద్దెకు తీసుకోండి. ఇక్కడ బ్రిటిష్ పాలన 1960 దాకా సాగింది కాబట్టి మన దేశంలో లాగే ఎడమ వైపునే నడపాలి. నడపడం అలవాటు ఉన్నవారికి భయం లేదు. మన లైసెన్సు ఎంతకాలం చెల్లుతుందో, నివాస అనుమతి ఉన్నవారు దానిని ఎప్పుడు మార్చుకోవాలో రవాణా శాఖవారి సమాచారంలో చూసుకోండి. నేను చెప్పదలచుకున్నది డబ్బు సంగతి. అద్దె ఎంత అన్నది ఒక్కటే చూసి ఒప్పుకోకండి. హామీ సొమ్ముగా మీ కార్డు మీద ఎంత నిలిపి ఉంచుతారు, అది ఎన్ని రోజులకు విడుదల అవుతుంది, డెబిట్ కార్డు ఒప్పుకుంటారా, గీత పడితే మీ చేతి నుంచి ఎంత పోతుంది అన్నవి ముందే అడిగి కాగితం మీద చూడండి. కారు తీసుకునేటప్పుడు నాలుగు వైపులా, చక్రాల దగ్గర కూడా ఫోటోలు తీసుకోండి. జీతం ఇంకా పడని వారంలో కొన్ని వందల యూరోలు కార్డు మీద ఆగిపోతే, అద్దె చెల్లించవలసిన తేదీకి మీరు ఇబ్బందిపడతారు. పెట్రోలు పోలిస్‌లోనే నింపుకోండి. రాత్రిళ్ళూ ఆదివారాలూ బంకుల్లో మనిషి ఉండడు, యంత్రంలో నోటు పెట్టి పోసుకోవాలి. పెద్ద నోటు పెడితే మిగిలిన చిల్లర మీ చేతికి రాదు, కాబట్టి పది యూరోల నోట్లు దగ్గర పెట్టుకోండి.

ఇక భోజనం. మా డబ్బు ఎక్కువగా పోయినది ఇక్కడే. రేవు పక్కన టావెర్నాలో కూర్చున్నాము. మంచు ముక్కల మీద పరచిన చేపలలో బర్బూని అనే ఎర్ర చేప కనిపించింది. అది మన గులివిందల జాతిదే. ఆ రంగూ, గడ్డం కింద వేలాడే రెండు మీసాలూ చూడగానే గుర్తుపట్టాను. నరసాపురంలో గులివిందలు ఖరీదైన చేప కాదు, వంజరమో పండుగప్పో కొనలేనినాడు తెచ్చుకునేది. అదే లెక్కన ధర అడగకుండా, పళ్ళెం నిండా వేయించి తెమ్మన్నాను. చేపలు పిండిలో పొర్లించి కరకరలాడేటట్టు వేయించి తెచ్చారు, పక్కన నిమ్మచెక్కలు పెట్టారు. ఎంతో రుచిగా ఉన్నాయి. బిల్లు వచ్చిన తర్వాత తెలిసింది, మధ్యధరా తీరంలో బర్బూని అన్నిటికంటే ఖరీదైన చేపలలో ఒకటని, వలలో పడిన చేపలకు కిలో లెక్కన ధర కడతారని. వాళ్ళు మమ్మల్ని మోసం చేయలేదు. మెనూ కార్డులో కిలో ధర స్పష్టంగా రాసి ఉంది, చదవనిది నేనే.

మీరు చేప తినదలచుకుంటే ఇలా చేయండి. ఎంచుకున్న చేపను వేయించక ముందే తూకం వేయించి, ఎంత అవుతుందో అడగండి. ఇక్కడ అది నామోషీ కాదు, అందరూ అడుగుతారు. చెరువులలో మనవాళ్ళు పెంచినట్లే ఇక్కడ సముద్రంలో వలల గూళ్ళలో పెంచే లవ్రాకి, త్సిపూరా అనే రెండు రకాలు సాధారణంగా పళ్ళెం లెక్కన, మన అందుబాటు ధరలో దొరుకుతాయి. మెజే అని వరుసగా పదిహేను ఇరవై చిన్న పళ్ళాలు తెచ్చిపెట్టే భోజనం ఒకటి ఉంది. దానిని కనీసం ఇద్దరికి అంటే తప్ప ఇవ్వరు. మీ శ్రీమతి చేప ముట్టరు కాబట్టి చేపల మెజే మీకు దండుగ.

ఆమె ఆకలితో ఉండవలసి వస్తుందన్న భయం పెట్టుకోకండి. ఇక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు ఉపవాసాలకు మాంసం, గుడ్లు, పాలు లేని వంటలు చేసుకుంటారు. "నిస్తీసిమా" అని అడిగితే ఏ పల్లెలోనైనా అర్థమవుతుంది. లూవి అంటే బొబ్బర్లు. ఆకుకూరతోనో, చిన్న గుమ్మడి జాతి కాయలతోనో ఉడికించి, పైన ఆలివ్ నూనె, నిమ్మరసం పోసి ఇస్తారు. పుర్గూరి అంటే గోధుమ రవ్వ, టమాటాతో ఉప్మాలాగే వండుతారు. కొలొకాసి మన చేమదుంపే, చలికాలంలో ఎక్కువగా దొరుకుతుంది. దానిని పంది మాంసంతో వండే అలవాటు ఉంది కాబట్టి అడిగి తినాలి. పాలు పుచ్చుకునేవారైతే పెనం మీద కాల్చిన హలూమి అనే చీజ్ ఉండనే ఉంది.

వంటగది ఉన్న గది తీసుకోండి, కాని నాలుగు రోజుల సామానంతా లిమసోల్ నుంచి మోసుకుపోకండి. మేము పులిహోర, పచ్చళ్ళు, బియ్యం, నీళ్ళ సీసాలు సహా అన్నీ కట్టుకుని వెళ్ళాము. నీళ్ళ సీసాలు మోయడం శుద్ధ దండుగ, ఇక్కడ కుళాయి నీళ్ళు తాగవచ్చు. డబ్బు గురించి ఇంతగా చెప్పే నేనే ఈ మాట కూడా చెబుతున్నాను: ఆ ఊరికి చేరవలసిన పది యూరోలను మిగుల్చుకోవడం పొదుపు కాదు. టమాటాలు, రొట్టె, ఆలివ్‌లు ఆ ఊరి దుకాణంలోనే కొనండి. ఉదయం కాఫీ దుకాణంలో కూర్చుని చక్కెర సగం వేసిన "మెత్రియో" ఒకటి తాగండి, ఒకటి రెండు యూరోల ఖర్చు. చిన్న గిన్నెలో నురగ కట్టేదాకా కాచి, కాఫీ పొడి అడుగున ఉండగానే కప్పులో పోసి, పక్కన చల్లని నీళ్ళ గ్లాసుతో పెడతారు. వెంటనే కలిపేసుకోకండి, పొడి అడుగుకు దిగనివ్వండి. ఆ గ్లాసు నీళ్ళతో గంట సేపు కూర్చున్నా ఎవరూ లెమ్మనరు. అక్కడ బేరం ఆడవద్దు. మన సంతలో చేసినట్టు రెండు యూరోల కోసం ముసలావిడతో వాదించే మనవాళ్ళను చూసి నేను సిగ్గుపడిన సందర్భాలు ఉన్నాయి.

మూడవ నష్టం ఫోను. పోమోస్ దాటి పఖియామోస్, కాటో పిర్గోస్ వైపు వెళ్ళారంటే 1974 నుంచి ద్వీపాన్ని రెండుగా చీల్చిన రేఖకు దగ్గరవుతారు. రేఖకు అవతల, టర్కీ సైన్యం ఉన్న ఉత్తర భాగపు నెట్‌వర్క్‌ను మీ ఫోను తనంతట తానే పట్టుకుంటుంది. యూరోపియన్ యూనియన్‌లో రోమింగ్‌కు ఉన్న రాయితీ అక్కడ వర్తించదు. అమ్మతో వీడియోలో మాట్లాడుతూ ఒడ్డు చూపించిన ఆ సాయంత్రపు బిల్లు వచ్చినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. పోలిస్ దాటగానే రోమింగ్ ఆపేసి, నెట్‌వర్క్‌ను చేత్తో ఎంచుకోండి.

ఆ దారిలో వెళ్ళేటట్టయితే ఇంకొకటి గమనించండి. పఖియామోస్ తర్వాత కొక్కినా అనే చోట ఒడ్డు వెంబడి దారి లేదు. 1964లో పోరు జరిగిన ఆ ఊరు ఇప్పుడు టర్కీ సైన్యం చేతిలో ఉంది, గ్రామస్థులు 1976లోనే వెళ్ళిపోయారు. దానిని చుట్టి కొండల మీదుగా మలుపులు తిరుగుతూ వెళ్ళాలి. మ్యాపులో దగ్గరగా కనిపించే కాటో పిర్గోస్‌కు అందువల్లనే ఎక్కువ సమయం, ఎక్కువ పెట్రోలు పడతాయి. సైనిక స్థావరాల దగ్గర ఫోటోలు తీయకూడదు. 2010లో తెరిచిన లిమ్నితిస్ దారి గుండా అవతలికి దాటాలనిపిస్తే మీ అనుమతి పత్రానికి అది వీలవుతుందో లేదో ముందే కనుక్కోండి. ఇవతలి కారు బీమా అవతల పనిచేయదు, అక్కడ వేరే బీమా కొనాలి. మీకు ఆ ఖర్చు అనవసరమని నా అభిప్రాయం.

వేళ విషయం కొద్దిగా చెబుతాను. ఆగస్టు 15 మరియమ్మ పండుగ. దానికి ముందూ వెనుకా ద్వీపంలోని జనమంతా సముద్రం మీదకు వస్తారు, గదుల ధరలు ఎక్కి కూర్చుంటాయి. జనవరి, ఫిబ్రవరిలో గది సగం ధరకు వస్తుంది కాని టావెర్నాలు చాలా భాగం మూసి ఉంటాయి. అన్నానికి పోలిస్ దాకా కారులో తిరిగి, గది వెచ్చగా ఉండడానికి విడిగా కరెంటు డబ్బు కట్టి, చవకలో మిగిలిందంతా అక్కడే పోగొట్టుకుంటారు. మే నెలా, సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు దాకా అన్నిటికీ అనువైన కాలం. అక్టోబరులో కూడా నీళ్ళు వెచ్చగానే ఉంటాయి. గది మాట్లాడేటప్పుడు కారు నిలపడానికి చోటు, తువ్వాళ్ళు, శుభ్రం చేసే రుసుము అద్దెలోనే కలిసి ఉన్నాయా అని అడిగి జవాబు రాతలో తీసుకోండి.

ఈతకు పొద్దున్నే దిగండి. మధ్యాహ్నం దాటితే గాలి లేచి అలలు పెరగడం అక్కడ మామూలే. రాళ్ళ మధ్య సముద్రపు ముళ్ళకాయలు (సీ అర్చిన్ అనే ముళ్ళ ప్రాణులు) ఉంటాయి, రబ్బరు చెప్పులు వేసుకోండి. ఒక జత కొన్ని యూరోలు, గుచ్చుకుంటే డాక్టరు ఖర్చు దానికి ఎన్నో రెట్లు. ఒడ్డున ఇనుప బోనులు బోర్లించినట్టు కనిపిస్తే అవి తాబేళ్ళ గుడ్లకు కాపలా, వాటి దగ్గర గొడుగు పాతకండి, రాత్రి దీపాలు వేయకండి. రేవు గోడ మీద కూర్చుని గాలం వేయాలన్న సరదా మీకు ఉంటే ఒక్క జాగ్రత్త: సూయజ్ కాలువ గుండా ఈ నీళ్ళలోకి వచ్చిన లగోకెఫాలోస్ అనే చేప విషపూరితం, వండినా ఆ విషం పోదు. కుందేలు పళ్ళ వంటి పళ్ళూ, పక్కల వెండి చారా, వీపు మీద మచ్చలూ దాని గుర్తులు. పేరు తెలియని చేప దేనినీ గదికి తీసుకుపోకండి, రేవులో ఉన్న జాలరికి చూపించండి. ఆపద వస్తే 112కు ఫోను చేయాలి, దానికి డబ్బు పడదు.