ట్రైలర్‌లో ఉన్న ఫైట్ సినిమాలో లేదు, కేసు వేయొచ్చా?

సందేహం: సార్, ఒక సినిమా ట్రైలర్‌లో రైలు మీద ఫైట్ చూపించారు. మా అబ్బాయి అది ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. దానికోసమే మొదటి రోజే నలుగురం వెళ్లాం. సినిమా అయిపోయింది, లైట్లు వేసేశారు, ఆ ఫైట్ మాత్రం రాలేదు. ఇది మోసం కాదా? కేసు థియేటర్ మీద వేయాలా, ప్రొడ్యూసర్ మీద వేయాలా? ఇంకోసారి వెళ్లి సినిమా మొత్తం ఫోన్‌లో రికార్డ్ చేసి సాక్ష్యంగా పెడదామనుకుంటున్నా.

జవాబు: ముందు ఆ ఫోన్ జేబులో పెట్టేయండి సార్, మిగతా సంగతి తర్వాత చూద్దాం. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించాక హాల్లో సినిమాని కాపీ తీయడం, తీయబోవడం కూడా నేరమే, 3 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, జరిమానా కనీసం 3 లక్షలు, పైకి వెళ్తే ఆ సినిమా నిర్మాణానికి అయిన ఖర్చులో 5 శాతం దాకా వేయొచ్చు. "నేను పైరసీకి కాదు, కన్స్యూమర్ కేసు కోసం తీస్తున్నా" అని మీరు పోలీసులకి చెప్పుకుంటూ కూర్చోవాలి, అప్పుడు మీరు ఫిర్యాదుదారు కాదు ముద్దాయి. అయినా సీన్ లేదని నిరూపించడానికి వీడియో దేనికండీ, టికెట్ ఉంచుకోండి, ట్రైలర్ లింకు, ఏ రోజు వచ్చిందో తెలిసేలా స్క్రీన్‌షాట్ ఉంచుకోండి, చాలు. సీన్ లేదన్న సంగతి అవతలివాళ్లు కూడా కాదనరు. వాళ్ల వాదన వేరే ఉంటుంది.

ఆ వాదన ఏంటో సుప్రీంకోర్టే 2024 ఏప్రిల్‌లో చెప్పేసింది. 2016లో వచ్చిన షారుఖ్ ఖాన్ సినిమా 'ఫ్యాన్' ప్రోమోల్లో ఒక పాట తెగ వేశారు, టీవీ పెడితే అదే, తీరా సినిమాలో ఆ పాట లేదు. పిల్లల్ని తీసుకెళ్లిన ఒకావిడ కన్స్యూమర్ ఫోరంకి వెళ్లింది. పాట లేదని పిల్లలు అలిగి ఆ రాత్రి అన్నం తినలేదని, ఎసిడిటీ వచ్చి ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చిందని కూడా ఫిర్యాదులో రాసింది (నవ్వకండి, మీ అబ్బాయి సంగతి చూస్తే మీకే తెలుస్తుంది). జిల్లా ఫోరం కొట్టేసింది, రాష్ట్ర కమిషన్ మాత్రం 10 వేలు పరిహారం, 5 వేలు ఖర్చులు ఇమ్మంది, జాతీయ కమిషన్ కూడా సరే అంది, జనాన్ని ఆశపెట్టి రప్పించి తర్వాత ఇవ్వకపోవడం తప్పేనని. అక్కడిదాకా ఆవిడే గెలిచింది. సుప్రీంకోర్టుకి వెళ్లాక మొత్తం తిరగబడింది.

కోర్టు చెప్పింది ఏంటంటే, ట్రైలర్ అనేది వాళ్లంతట వాళ్లు వేసుకున్న ప్రచారం, టికెట్ కొనమని ఊరించడానికి వేసేది, అంతే. టికెట్ కొనడం వేరే లావాదేవీ, కాంట్రాక్ట్ పుట్టేది అక్కడే. ట్రైలర్‌లో పాటో డైలాగో పెట్టేది లోపల ఏముందో లిస్టు చెప్పడానికే కాకపోవచ్చు, జనంలో ఊపు తేవడానికి కూడా అవ్వొచ్చు, కాబట్టి అది కనిపించకపోతే సేవలో లోపం కాదు, అన్యాయపు వ్యాపార పద్ధతి అని కూడా అనలేం, పైగా కళకి సంబంధించిన సేవలో ప్రదర్శించేవాడికి కొంత స్వేచ్ఛ ఉంటుంది అని. లా కాలేజీలో మొదటి ఏడాదే చెప్తారు మాకు, షాపు అద్దం వెనక వస్తువు పెట్టడం ఆఫర్ కాదు, లోపలికి రమ్మని పిలుపు మాత్రమే అని. ట్రైలర్‌ది కూడా దాదాపు అదే లెక్క.

నాకు ఈ తీర్పు కాస్త ఉదారంగానే అనిపిస్తుంది, ప్రొడ్యూసర్ల వైపు. కానీ ట్రైలర్ ఎలా తయారవుతుందో తెలిస్తే కోర్టు మరీ గాల్లో మాట్లాడలేదని అర్థమవుతుంది. ట్రైలర్ కట్ చేసే సమయానికి చాలాసార్లు సినిమాకి ఫైనల్ ఎడిట్ అయ్యుండదు. గ్రాఫిక్స్ సగంలో ఉంటాయి, రీరికార్డింగ్ నడుస్తూ ఉంటుంది, ట్రైలర్ ఎడిటర్‌కి రషెస్ (షూటింగ్‌లో తీసిన ముడి ఫుటేజ్) ఇచ్చి రెండు నిమిషాలు లాగమంటారు, చాలాచోట్ల అతను సినిమా ఎడిటర్ కూడా కాదు, వేరే మనిషి. ఆ తర్వాత డైరెక్టర్ కూర్చుని నిడివి ఎక్కువైందని సీన్లు లేపేస్తాడు, సెన్సార్ కట్లు ఉంటే అవీ పోతాయి. ఇంకోటి చూడండి, ట్రైలర్‌లో విలన్ ఒక డైలాగ్ చెప్తే వెంటనే హీరో తల తిప్పి చూస్తాడు, మనకి ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నట్టే ఉంటుంది, సినిమాలో చూస్తే ఆ రెండు షాట్లకీ మధ్య గంట తేడా ఉంటుంది. మీ రైలు ఫైట్ ఎందుకు పోయిందో నాకు తెలీదు, కానీ ఇలాంటి కోతల్లో పోయుంటే దాన్ని మోసం చేయాలనే ట్రైలర్‌లో పెట్టారని నిరూపించడం చాలా కష్టం.

అమెరికాలో కూడా ఇలాంటిదే నడిచింది. 'యెస్టర్‌డే' సినిమా ట్రైలర్‌లో నటి అనా డి అర్మాస్ కనిపించింది, సినిమాలో ఆమె సీన్లు తీసేశారు, ఇద్దరు ఫ్యాన్స్ 3.99 డాలర్లు పెట్టి అద్దెకి చూసి కోర్టుకెక్కారు. 2022 డిసెంబర్‌లో జడ్జి ట్రైలర్ కూడా వ్యాపార ప్రకటనే, కళ పేరు చెప్పి పూర్తిగా తప్పించుకోలేరు అన్నాడు, అందరూ పండగ చేసుకున్నారు, తర్వాత ఆ కేసూ నిలబడలేదు.

అలాగని ట్రైలర్‌లో ఏం చెప్పినా చెల్లుతుందని కాదు. సీన్ వేరు, సమాచారం వేరు. త్రీడీ అని ప్రకటించి టూడీ వేస్తే, ఒక భాషలో అని చెప్పి ఇంకో భాషలో చూపిస్తే, పాత సినిమాకి పేరు మార్చి కొత్తదని అమ్మితే, అక్కడ మీ చేతిలో గట్టి పాయింట్ ఉన్నట్టే, అది నిజమో అబద్ధమో తేల్చగలిగే విషయం కాబట్టి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో తప్పుదోవ పట్టించే ప్రకటన అంటే ఏంటో సెక్షన్ 2(28)లో రాసుంది, అలాంటి ప్రకటన మీద కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. మీరు సొంతంగా వెళ్లాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్, రెండేళ్లలోపు వేయాలి, మీరు కట్టింది 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. దానికి ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చూడండి, కొన్ని అక్కడే తేలిపోతాయి.

థియేటరా ప్రొడ్యూసరా అన్నారు కదా, ట్రైలర్ చేయించింది ప్రొడ్యూసర్, థియేటర్‌వాడు వాళ్లిచ్చిన సినిమానే వేశాడు, అతన్ని లాగితే మీ కేసే పలచబడుతుంది. థియేటర్ మీద వేయాల్సిన గొడవ వేరే ఉంది, చెప్పిన టైముకి సినిమా వేయకుండా యాడ్లూ ట్రైలర్లూ నడపడం. 2025లో బెంగళూరు వినియోగదారుల కమిషన్ అలా 25 నిమిషాలు వృథా చేసినందుకు ఒక ప్రేక్షకుడికి 20 వేలు పరిహారం, ఖర్చులకి 8 వేలు ఇమ్మంది, దాని మీద కూడా హైకోర్టు స్టే ఇచ్చిందనుకోండి.

ఇక మీ ఫైట్ విషయం, సుప్రీంకోర్టు తీర్పు నేరుగా ఎదురుగా ఉంది కాబట్టి వేయొద్దనే చెప్తా. మనసు ఊరుకోకపోతే లీగల్ నోటీసు డ్రాఫ్ట్ చేసిస్తా గానీ, దాని ఖర్చు మీ నాలుగు టికెట్లని దాటేస్తుంది. మీ అబ్బాయికి మాత్రం చెప్పండి, తీసేసిన సీన్లని ఒక్కోసారి వాళ్లే తర్వాత యూట్యూబ్‌లో వదులుతుంటారని.