సంత చూసి వంట: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఈసారి గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగువారి నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం తిండి గురించినవే కావడం వల్ల, మిగిలిన ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేశాము.

ప్రశ్న: బరంపురంలో మాకు నలభై మంది కూర్చుని తినే భోజన హోటలు ఉంది. వారానికి ఒక రోజు చుట్టుపక్కల పల్లెల్లో పండిన వాటితోనే భోజనం పెడదామని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. అందుకు ఒక పట్టిక అచ్చు వేయించాలనుకుంటున్నాము. అందులో ఏయే వంటలు ఉండాలి?
— ఒక హోటలు యజమాని, బరంపురం

సమాధానం: అబ్బాయి మాట వినండి గానీ, అచ్చు వేయించే పని మాత్రం పెట్టుకోకండి. పట్టిక అచ్చయిన నాటి నుంచి వంటవాడు సంతలో ఏముందో చూడడం మానేసి, పట్టికలో ఉన్నది ఎక్కడ దొరుకుతుందా అని వెతకడం మొదలుపెడతాడు. పేరు చెప్పను గానీ, ‘కొండ భోజనం’ అని బోర్డు పెట్టిన ఒక హోటలులో సంక్రాంతి రోజుల్లో నాకు వెదురు కొమ్ముల కూర వడ్డించారు. వానల్లో మొలిచే కొమ్ము పుష్యమాసంలో ఎక్కడిదని అడిగితే, డబ్బాలోదని వడ్డించే కుర్రవాడు దాపరికం లేకుండానే చెప్పాడు. ఆ కూరలో నాకు ఉప్పూ పులుపూ తప్ప మరేమీ తెలియలేదు. ఆ ఉదయమే అదే ఊరి సంతలో పచ్చి కందికాయలు గోనెపట్టాల మీద గుట్టలుగా పోసి ఉండగా చూశాను. ఒక ముసలావిడ కాయలు వొలిచి, గింజలను అడ్డాకు దొన్నెల్లో పోసి అమ్ముతున్నది. ఆమె వేళ్ల కొసలు ఆకుపచ్చగా అయి ఉన్నాయి. ఆ దొన్నెలు నాలుగు కొని ఉంటే, ఆ హోటలువారికి డబ్బా తెరవవలసిన అవసరం లేకపోయేది.

కాబట్టి గోడకు ఒక నల్లబల్ల, దాని పక్కన ఒక సుద్దముక్క ఉంటే చాలు. ఇక ఏమి వండాలంటారా, మీకు అందుబాటులో ఉన్న సరుకు తక్కువేమీ కాదు. ఫాల్గుణం వచ్చేసరికి లేత పనసకాయ దిగుతుంది. మనవాళ్లు దాన్ని పొట్టు కొట్టి ఆవ పెట్టి వండుకుంటే, ఒడియా ఇళ్లలో ముక్కలు కోసి, వేయించి, మసాలాతో మాంసం కూరలాగా వండుతారు. రెండూ ఒకే పూట వడ్డిస్తే ఏది మేలన్న వాదన విస్తరి ముందే మొదలవుతుంది. హోటలుకు అదీ మంచిదే. ఎండలు ముదిరాక మామిడికాయ పప్పు, ములక్కాడలు, తాటిముంజలు ఎలాగూ ఉంటాయి. అయితే తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజుల పాటు, మరపడవలతో సముద్రంలో చేపలు పట్టడం నిషిద్ధమని గుర్తుంచుకోండి. ఆ రోజుల్లో పెద్ద సముద్రపు చేప పేరు మీ నల్లబల్ల మీద ఉందంటే అది మంచుపెట్టెలో నుంచి వచ్చిందేమోనని అనుమానించాలి. చిలికా సరస్సు చేపల సంగతి వేరు. అక్కడ దొరికే, ఒడియావారు ఖైంగా అనే చేపే మన జాలరుల కొయ్యింగ.

వానల్లో పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు వస్తాయి. గజపతి జిల్లా చంద్రగిరి వైపు నుంచి మొక్కజొన్న కంకులు కూడా దిగుతాయి. అక్కడ 1960ల నుంచి స్థిరపడిన టిబెటన్లకు ప్రధానమైన పంట అదే. కార్తీకం దాటాక కొత్త బియ్యం, చోళ్లు, కంద, చేమ, చిక్కుడు వరసగా వస్తాయి. కూరలు ఏవైనా, వాటిని కలుపుకుని పోయే వంట ఒకటి మీ నల్లబల్ల మీద శాశ్వతంగా ఉండవచ్చు. అది దాల్మా. కందిపప్పులో ఆ వారం దొరికిన నాలుగు కూరలు వేసి ఉడికించి, జీలకర్ర, ఎండుమిర్చితో నేతి పోపు పెడతారు. మన పప్పుచారుకు అది దగ్గరి చుట్టమే, కాకపోతే చింతపండు ఉండదు. పూరీ జగన్నాథుని వంటశాలలో నేటికీ బంగాళాదుంప, టమాటా వాడరు. కాలానికి తగిన దేశవాళీ కూరలతోనే అన్ని వేల మందికి వండుతున్నప్పుడు, నలభై మందికి వండడం మీకు కష్టమేమీ కాదు.

చివరిగా డబ్బు మాట. రైతు దగ్గర ఏరి ఏరి నాలుగు మంచి కాయలు పట్టుకురావడం కాదు, వంకరవీ చిన్నవీ కలిపి బుట్ట మొత్తం కొనండి, ధర కూడా ముందే చెప్పుకోండి. అప్పుడే వచ్చే వారం కూడా ఆ బుట్ట మీ గుమ్మానికి వస్తుంది. ముక్కలు కోశాక వంకర ఎవరికీ కనబడదు.

ప్రశ్న: మొదటిసారి వెదురు కొమ్ములు తెచ్చి వండాను. కూర చేదెక్కి, ఎవరూ తినలేకపోయారు. ఇది ఆరోగ్యానికి హాని చేస్తుందని మా ఆడపడుచు భయపెడుతున్నది. నిజమేనా?
— ఒక గృహిణి, గుణుపురం

సమాధానం: మీ ఆడపడుచు మాటలో నిజం ఉందమ్మా. పచ్చి వెదురు కొమ్ములో సయనైడును విడుదల చేసే పదార్థం ఉంటుంది. ఆ చేదు చాలావరకు దానిదే. అందుకని భయపడి మానవలసిన పని లేదు. మీ చుట్టూ ఉన్న కొండ గ్రామాలవారు దీన్ని కర్‌డి అని పిలుస్తూ తరతరాలుగా తింటున్నారు, అయితే పద్ధతిగా తింటున్నారు. పైపొరలన్నీ తీసేసి, లోపలి లేత భాగాన్ని వీలైనంత సన్నగా తరగాలి. మూత పెట్టకుండా ఎక్కువ నీళ్లలో బాగా మరిగించి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీళ్లు పోసి ఉడికించాలి. ముక్క నోట్లో వేసుకుంటే చేదు తగిలిందంటే ఇంకొకసారి ఉడికించండి. మీరు బహుశా పోషకాలు పోతాయని మొదటి నీళ్లను కూరలోనే ఉంచి ఉంటారు. ఆకుకూరలకు చెల్లే ఆ పొదుపు ఇక్కడ పనికిరాదు. తరిగి పులియబెట్టి, ఎండబెట్టిన దాన్ని పశ్చిమ ఒడిశాలో హెండువా అంటారు. దాని వాసన ఘాటుగా ఉంటుంది కాబట్టి, ముందుగా కొద్దిగానే తెచ్చుకోండి.

ప్రశ్న: కోరాపుట్ కాలాజీరా బియ్యమని అంగట్లో కొంటున్నాము. మొదటిసారి కడగగానే సువాసన పోతున్నది. అసలుది ఎలా ఉంటుంది?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, జయపురం

సమాధానం: మాస్టారూ, జయపురంలో ఉంటూ మీరు ఈ ప్రశ్న అడగవలసి రావడమే విచారకరం. కాలాజీరా గింజ చాలా చిన్నది. వడ్ల పొట్టు నల్లగా, చూడడానికి జీలకర్రను పోలి ఉంటుంది గనుక ఆ పేరు వచ్చింది. దంచాక లోపలి బియ్యం తెల్లగానే ఉంటుంది. వాసన గింజలో ఉన్నదైతే కడిగినప్పుడు పోదు సరికదా, అన్నం ఉడుకుతున్నప్పుడు పక్క గదిలోకి వస్తుంది. కడుగు నీళ్లతోనే వాసన పోయిందంటే అది పైన చల్లినదని నా అనుమానం. 2024 జనవరిలో ఈ బియ్యానికి, ఫలానా ప్రాంతపు సరుకేనని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, అయినా సంచి మీది ముద్ర కంటే పండించినవారి దగ్గర కొనడమే మేలు. జయపురం ప్రాంతపు దేశవాళీ వరి విత్తనాలను కాపాడినందుకే మీ పొరుగు గ్రామం పాత్రపుట్‌కు చెందిన కమలా పూజారికి 2019లో పద్మశ్రీ ఇచ్చారు. ఆమె 2024 జులైలో కన్నుమూశారు. మార్గశిరం తరువాత కోతలు అయిన రైతునే అడిగి, ఏడాదికి సరిపడా వడ్లుగానే కొని, కావలసినప్పుడల్లా కొద్దికొద్దిగా మర పట్టించుకోండి.

ప్రశ్న: వేసవిలో నేను పఖాళ చేస్తే, అది మన వంట కాదని మా అత్తగారు ముట్టుకోరు. ఏం చెయ్యమంటారు?
— కొత్త కోడలు, పర్లాకిమిడి

సమాధానం: ఒడిశాలో మార్చి 20న పఖాళ దినం జరుపుకుంటారు కాబట్టి అది కేవలం ఒడియావారిదేనని మీ అత్తగారు అనుకుని ఉంటారు. రేపు మీరు పేరు మార్చి, తరవాణి అన్నమని చెప్పి పెట్టి చూడండి. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పులవనిచ్చి, పొద్దున ఉప్పు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ నంజుకుని తినడం ఆవిడ పుట్టింట్లో చిన్నప్పుడు ఉండే ఉంటుంది. పక్కన నాలుగు మినప వడియాలు వేయించి నలిపి వేయండి. ఒడియావారు బొడి చురా అనేది దాదాపు అదే. తిన్న తరువాత అసలు పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇంటి వాతావరణాన్ని బట్టి మీరే నిర్ణయించుకోండి.