రెండున్నరేళ్ళ బాబుకి పది మాటలే వస్తున్నాయి, మూడేళ్ళ దాకా ఆగొచ్చా?

ఆగకండి. ఈ వారమే వినికిడి టెస్ట్‌కి ఒకటి, స్పీచ్ థెరపిస్ట్ దగ్గర ఒకటి అపాయింట్‌మెంట్ తీసేసుకోండి, మిగతాదంతా తర్వాత తీరిగ్గా చదివినా పర్లేదు.

మీరు రాసింది చూస్తే, బాబుకి రెండున్నరేళ్ళు, అమ్మ నాన్న పాలు లాంటివి పది మాటలు వచ్చు, పిల్లల డాక్టర్ మూడేళ్ళ దాకా చూద్దాం అన్నారు, అత్తగారు వసకొమ్ము అరగదీసి నాకించమంటున్నారు, ప్లేస్కూల్ మిస్ ఏమో ఇంట్లో తెలుగు ఆపేసి ఇంగ్లీష్ ఒక్కటే మాట్లాడమంది. మేమూ బెంగళూరే, మారతహళ్ళి వైపు ఉంటాం, సొంతూరు అనంతపురం. మా పాపకి ఇప్పుడు ఏడేళ్ళు, తనకి డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ ఉంది, పొట్టిగా డీఎల్‌డీ అంటారు. మీకొచ్చిన ఈ మూడు సలహాలూ మాకూ వచ్చాయి కాబట్టి రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, ఇన్నేళ్ళుగా థెరపీ గదుల బయటా లోపలా కూర్చున్న తల్లిని, అంతే.

అందరూ ఎన్ని మాటలు వచ్చు అనే అడుగుతారు. రెండేళ్ళు దాటేసరికి సుమారు యాభై మాటలు, "అమ్మ రా", "పాలు కావాలి" అని రెండు మాటలు కలపడం, ఇది మామూలుగా చూసే లెక్క, ఆ లెక్కన మీ బాబు వెనకే ఉన్నాడు, అందులో దాచేదేం లేదు. కానీ మా థెరపిస్ట్ ఫస్ట్ అడిగింది మాటల గురించి కాదు, మనం చెప్పింది తనకి ఎంత అర్థమవుతోంది అని. అన్నీ అర్థమవుతాయండీ, మాటలే రావట్లేదు అని మా ఆయనా నేనూ ఒకేసారి చెప్పాం, దాదాపు ప్రతి ఇంట్లో వాళ్ళూ ఇదే చెప్తారట. అప్పుడు ఆవిడ నన్ను రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పాప మొహం తప్ప ఇంకేమీ చూడకుండా, "బంతి కుర్చీ కింద పెట్టు" అని చెప్పమంది. పాప బంతి పట్టుకుని నన్నే చూస్తా నిలబడింది. ఇంకోసారి చెప్పాను, బంతి నా ఒళ్ళో పెట్టింది. అదే నేను కుర్చీ వైపు ఒక్క చూపు చూసేసరికి టక్కున వెళ్ళి పెట్టేసింది.

అంటే రోజూ "చెప్పులు తీసుకురా" అంటే తెచ్చేది మాట అర్థమై కాదు, బ్యాగ్ భుజాన వేసుకున్నాం, తలుపు దగ్గర నిలబడ్డాం, కళ్ళు చెప్పుల స్టాండ్ వైపు ఉన్నాయి, ఇవన్నీ కలిపి తను ఊహించుకునేది. పిల్లలు చాలా తెలివైనవాళ్ళండీ, అర్థం కాని మాట చుట్టూ ఉన్న ప్రతి ఆనవాలూ పట్టుకుంటారు. అందుకే ఇంట్లోవాళ్ళకి తెలీదు. మీరు ఇవాళ సాయంత్రమే చేసి చూడండి, చెయ్యి చూపించకుండా, చూపు తిప్పకుండా, రోజూ చెప్పని పని ఏదైనా చెప్పండి, "స్పూన్ దిండు మీద పెట్టు", "పౌడర్ డబ్బా నాన్నకివ్వు" అని. రెండున్నరేళ్ళకి "బంతి కింద పెట్టి తలుపు వెయ్యి" లాంటి రెండు ముక్కల పని కూడా చాలామంది పిల్లలు చేస్తారు. బావిలో ఉంటేనే కదా చేదలోకి వచ్చేది, లోపల మాట అర్థమై ఉంటే అది బయటికి రావడానికి దారి ఉంటుంది. బాగా అర్థం చేసుకుంటూ, వేలు పెట్టి చూపిస్తూ, సైగలు చేస్తూ, బొమ్మకి అన్నం పెట్టే ఆటలు ఆడుతూ మాటలు మాత్రం లేటయ్యే పిల్లల్లో చాలామంది నాలుగేళ్ళకల్లా అందుకుంటారు. అర్థం చేసుకోవడమే తక్కువగా ఉన్నవాళ్ళకి మాత్రం టైం దానంతటదే సాయం చెయ్యదు. ఈ ఇద్దరినీ మాటలు లెక్కపెట్టి విడదీయలేరు, అదే నా బాధ, "మా మరిదికీ నాలుగేళ్ళకి గానీ మాటలు రాలేదు" అని చెప్పేవాళ్ళకి ఆ మరిదికి ఎంత అర్థమయ్యేదో గుర్తుండదు కదా.

వినికిడి టెస్ట్ ముందు ఎందుకంటే, పిలిస్తే తిరుగుతాడు, గిన్నె పడితే ఉలిక్కిపడతాడు అని మనం ధీమాగా ఉంటాం, కానీ గిన్నె చప్పుడు వినిపించే చెవికి స, ష, త లాంటి సన్నని శబ్దాలు వినపడకపోవచ్చు. ఇంకోటి, జలుబు చేసినప్పుడల్లా కర్ణభేరి వెనక నీరు చేరి కొన్ని వారాలు సగం సగమే వినపడే పిల్లలూ ఉంటారు, చెవి పోటు కూడా ఉండకపోవచ్చు. ఓఏఈ అని లోపలి చెవి పనిచేస్తోందా చూసే ఒక టెస్ట్ ఉంది, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, టింపనోమెట్రీ చెవిలో నీరుందేమో చెప్తుంది, బెరా అనేది చప్పుడుకి మెదడు స్పందిస్తోందా చూసేది, నిద్రలో చేస్తారు. బెరాకి పిల్లల్ని నిద్ర ఆపి తీసుకురమ్మంటారు, అది చెప్పినంత ఈజీ కాదు, మా పాప సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లోనే క్యాబ్‌లో పడుకుని, టెస్ట్ గదిలోకి వెళ్ళగానే చక్కగా లేచి కూర్చుంది. దగ్గర్లో ఉన్న చోట, మధ్యాహ్నం పడుకునే టైంకి స్లాట్ అడగండి. మా పాపకి వినికిడి నార్మల్ అని వచ్చింది, అది తేలాకే అసలు పని మొదలైంది.

ఇక ఇంగ్లీష్ ఒక్కటే మాట్లాడమన్న సలహా. దీని మీద నాకు చాలా గట్టి అభిప్రాయం ఉంది. రెండు మూడు భాషలు వినడం వల్ల లాంగ్వేజ్ డిజార్డర్ రాదు, ఉన్నది ఎక్కువ కూడా అవ్వదు, ఇది రీసెర్చ్‌లో మళ్ళీ మళ్ళీ తేలిన విషయం. మన బెంగళూరు పిల్లల్ని చూడండి, ఇంట్లో తెలుగు, పక్కింట్లో కన్నడ, పనికొచ్చే ఆంటీతో హిందీ, స్కూల్లో ఇంగ్లీష్, వీళ్ళలో ఎక్కువమంది హాయిగా అన్నీ కలిపి మాట్లాడేస్తారు. నిజంగా డిజార్డర్ ఉన్న బిడ్డకి తెలుగు ఆపేస్తే జరిగేది ఏంటంటే, తనతో అందరికంటే ఎక్కువ మాట్లాడే నాన్నమ్మ తాతయ్య మూగబోతారు, మనం కూడా మనకి సహజంగా రాని పొట్టి పొట్టి ఇంగ్లీష్‌లో "కమ్, సిట్, ఈట్" అని ఆర్డర్లు వేస్తాం తప్ప కబుర్లు చెప్పం. బిడ్డకి కావాల్సింది కబుర్లే. మాటలు లెక్కపెట్టేటప్పుడు కూడా అన్ని భాషలవీ కలిపి లెక్కపెట్టాలి, పాలని "హాలు" అని కన్నడలో అన్నా అది మాటే. మా థెరపిస్ట్ కన్నడావిడ, తెలుగు కొంచెం అర్థమవుతుంది, అయినా ఆవిడే గట్టిగా చెప్పింది ఇంట్లో తెలుగే ఉండాలని, మేం అలాగే చేశాం.

వస గురించి అత్తగారిని నొప్పించకుండా ఆపండి. మనవైపు తరతరాలుగా ఉన్నదే, ప్రేమతోనే చెప్తారు, కానీ వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది, జంతువుల్లో క్యాన్సర్‌కి కారణమైందని తేలి అమెరికాలో 1968లోనే వసని ఆహారంలో వాడకూడదన్నారు. నాలుక మీద రాస్తే మెదడులో భాష కుదిరే అవకాశమే లేదు. నాలుక కింద నరం కోయిస్తే మాటలొస్తాయని కూడా చెప్తారు ఎవరో ఒకరు, అది పాలు తాగడానికో కొన్ని శబ్దాలకో అడ్డం రావచ్చు గానీ మాటలే రాకపోవడానికి అది కారణం కాదు.

మా పాపకి ఉన్న డీఎల్‌డీ గురించి రెండు ముక్కలు, ఎందుకంటే ఈ పేరు మన వాళ్ళలో దాదాపు ఎవరికీ తెలీదు. వినికిడి బాగుంటుంది, ఆటిజం కాదు, బుద్ధిమాంద్యం కాదు, అయినా భాష ఒక్కటే కష్టంగా ఎక్కుతుంది. ఈ పేరు మీద నిపుణులంతా ఒక మాటకి వచ్చిందే 2017లో, డొరతీ బిషప్ అనే బ్రిటన్ సైంటిస్ట్ ముందుండి నడిపించారు. ఇంగ్లండ్‌లో 2016లో వచ్చిన ఒక పెద్ద స్టడీలో దాదాపు 7 శాతం పిల్లల్లో కనిపించింది, అంటే ముప్పైమంది క్లాసులో ఇద్దరు. మాటలు వచ్చాక కూడా ఇది పోదు, రూపం మారుతుంది. మా పాప ఐదేళ్ళప్పుడు బాగానే మాట్లాడేది, కానీ "స్కూల్లో ఎవరితో ఆడుకున్నావ్" అంటే "గ్రౌండ్" అనేది, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు కలిసిపోయేవి, "నాన్న ఆఫీస్ పోయింది" అనేది, కి, లో, తో లాంటివి జారిపోయేవి. బయటివాళ్ళకి అది ముద్దుగా ఉండేది, టీచర్‌కి మొండిగా కనిపించేది, చెప్పిన పని చెయ్యదు అని డైరీలో రాసేది. చెప్పిందే అర్థం కాలేదని ఎవరూ అనుకోలేదు. ఇప్పుడు చదవడంలో కూడా కష్టపడుతోంది, ఈ పిల్లల్లో అది మామూలే అని ముందే చెప్పారు కాబట్టి స్కూల్లో మాట్లాడి పెట్టుకున్నాం, ఒకేసారి మూడు పనులు చెప్పకండి, బోర్డు మీద బొమ్మ గీసి చెప్పండి అని. మీ బాబుకి ఇదే ఉందని నేను అనట్లేదు, ఈ వయసులో ఎవరూ అలా ముద్ర వెయ్యరు కూడా, నాలుగేళ్ళ తర్వాతే కాస్త గట్టిగా చెప్పగలరు. థెరపీకి మాత్రం పేరు తేలేదాకా ఆగక్కర్లేదు.

వేరే రకాలూ ఉన్నాయి, కలిపేసుకోకండి. మా తమ్ముడి కొడుకు గంటలు గంటలు మాట్లాడతాడు, కానీ కాకి తాతి అవుతుంది, గోడ దోడ అవుతుంది, వాడికి భాష ఉంది, శబ్దాలే సరిగ్గా పలకవు, నాలుగేళ్ళు వచ్చినా బయటివాళ్ళకి అర్థం కాకపోతే చూపించాలి. నత్తి వేరు, సుమారు 5 శాతం పిల్లలకి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, ఎక్కువమందికి పోతుంది, కానీ ఇంట్లో ఎవరికైనా ఉంటే, నెలల తరబడి ఉంటే, మాట కోసం మొహం బిగబడితే ఆగకూడదు. పేరు పిలిస్తే పలక్కపోవడం, ఏదైనా కావాలన్నా చూపించాలన్నా వేలు పెట్టకపోవడం ఉంటే ఆటిజం స్క్రీనింగ్ చేయించాలి. వచ్చిన మాటలు పోతే మాత్రం అసలు ఆలోచించకుండా వెంటనే వెళ్ళండి.

ఎక్కడికి అంటే, బెంగళూరులోనే మానసిక, నరాల జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్‌లో స్పీచ్ పాథాలజీ, ఆడియాలజీ డిపార్ట్‌మెంట్ ఉంది, ఆ పేరు వినగానే మన పెద్దవాళ్ళు పిచ్చాసుపత్రి అని కంగారు పడతారు, పట్టించుకోకండి. హెన్నూర్ రోడ్ వైపు లింగరాజపురంలో డాక్టర్ ఎస్.ఆర్. చంద్రశేఖర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. మైసూరు వెళ్ళగలిగితే ఐష్, అంటే ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్, 1965లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఇందులో దేశంలోనే పెద్ద పేరున్నది. ఇంటి దగ్గర ప్రైవేట్ సెంటర్ అయితే బోర్డు చూసి వెళ్ళిపోకండి, థెరపిస్ట్‌కి బీఏఎస్ఎల్‌పీ (స్పీచ్, ఆడియాలజీ డిగ్రీ) గానీ ఆపైన డిగ్రీ గానీ ఉందా, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అడగండి, అడగడం మీ హక్కు. ఊళ్ళో ఉన్న మీ వాళ్ళలో ఎవరికైనా ఇలాంటి పిల్లలుంటే 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద జిల్లా స్థాయిలో డీఈఐసీ అని, పిల్లల ఎదుగుదల సమస్యల్ని తొందరగా చూసే సెంటర్లు ఉంటాయి, ఫ్రీగా చూస్తారు. ఇంకొకటి, తల్లిదండ్రుల్ని బయట కూర్చోబెట్టి తలుపేసుకునే సెంటర్ ఈ వయసుకి నాకు నచ్చదు, వారానికి ఒకట్రెండు గంటలు వాళ్ళ దగ్గర ఉంటే మిగతా టైమంతా మన దగ్గరే కదా ఉండేది.

ఇంట్లో చేసేదాంట్లో మాకు బాగా పనిచేసింది ప్రశ్నలు తగ్గించడం. "ఇదేంటి, అదేంటి, చెప్పు చెప్పు" అని పరీక్ష పెట్టడం మానేసి, తను ఏం చూస్తోందో దాని గురించి మనమే మాట్లాడటం. "నీళ్ళు" అంటే "చల్లనీళ్ళు కావాలా, ఇదిగో చల్లనీళ్ళు" అని ఒక మాట కలిపి తిరిగివ్వడం. అడిగాక మనసులో ఐదు లెక్కపెట్టి ఆగడం, ఇది వినడానికి చిన్నదే గానీ మా అత్తగారికి అలవాటవ్వడానికి చాలా టైం పట్టింది, ఆవిడకి పాప నోరు తెరిచేలోపే ఇచ్చేయాలనిపిస్తుంది. అరటిపండు, బిస్కెట్ రెండూ చూపించి ఏది కావాలని అడగండి, కానీ నోటితో చెప్తేనే ఇస్తా అని ఏడిపించకండి, వేలు పెట్టి చూపించినా అది కూడా మాటలో మొదటి మెట్టే. ఫోన్ విషయంలో రెండేళ్ళు దాటినవాళ్ళకి రోజుకి గంటకి మించొద్దు, తక్కువైతే ఇంకా మంచిది అని డబ్ల్యూహెచ్‌ఓ 2019లో చెప్పింది, అది పాటించండి, ఫోన్ చూసే టైం కబుర్ల టైంని తినేస్తుంది.

కానీ ఫోన్ వల్లే, నువ్వు ఉద్యోగానికి పోవడం వల్లే, నువ్వు బిడ్డతో మాట్లాడకపోవడం వల్లే ఇలా అయ్యాడు అని ఎవరైనా అంటే దయచేసి మనసులోకి తీసుకోకండి. లాంగ్వేజ్ డిజార్డర్ పెంపకం వల్ల రాదు, ఎక్కువగా వంశపారంపర్యంగా వచ్చే మెదడు ఎదుగుదల తేడా అది. పెళ్ళిళ్ళలో, బర్త్‌డే ఫంక్షన్లలో ఈ మాటలు పడీ పడీ అసలు బిడ్డని డాక్టర్‌కి చూపించడానికే భయపడిన తల్లుల్ని నేను వెయిటింగ్ హాల్లో చాలామందిని చూశాను, చాలా కోపం వస్తుంది నాకు.

వెళ్ళేముందు ఫోన్లో చిన్న చిన్న వీడియోలు తీసి పెట్టుకోండి, అన్నం తినేటప్పుడు, ఆడుకునేటప్పుడు, ఏదైనా కావాలని అడిగేటప్పుడు ఎలా అడుగుతున్నాడో. కొత్త గదిలో పిల్లలు ఒక్క మాట కూడా మాట్లాడరు, ఆ వీడియోలే ఎక్కువ పనికొస్తాయి. వచ్చిన మాటలన్నీ ఏ భాషవైనా సరే ఒక పేపర్ మీద రాసుకెళ్ళండి, మీ రెండువైపుల కుటుంబాల్లో ఎవరికైనా మాటలు లేటుగా వచ్చాయా, నత్తి ఉందా, చదువులో అక్షరాలు ఎక్కక ఇబ్బంది పడ్డారా అన్నది కూడా కనుక్కుని వెళ్ళండి, అది తప్పకుండా అడుగుతారు.