ఫాదర్ యెజీ పొపియెవూష్కో: కోర్టు హాల్లో ముందు వరసలో కూర్చున్న మనిషి

కమ్యూనిస్టు పాలనలో జనం కోసం పనిచేసిన కాథలిక్ ఫాదర్ ఎవరైనా ఉన్నారా, పూజ చేసుకోవాల్సిన మనిషికి కార్మికుల గొడవెందుకు అని అడిగారు. చదువు కోసం రెండేళ్లు పోలండ్‌లో, వార్సాలో ఉన్నాను. అక్కడికి వెళ్లేదాకా నాకూ తెలీదు, అలాంటి ఒక ఫాదర్ ఉండేవారని. ఆయనే ఫాదర్ యెజీ పొపియెవూష్కో.

మా ఇంటి ఓనరు ఒక బామ్మ. ఆవిడ గుండీలు, దారాలు దాచుకునే పాత పాలపొడి డబ్బా ఒకటి ఉండేది. తుప్పు పట్టిపోతోంది, పారేసి కొత్తది కొంటానన్నాను. వద్దని డబ్బా ఒళ్లో పెట్టుకుంది. ఫాదర్ యెజీ చర్చి నుంచి వచ్చిందట అది, వాళ్ల పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు.

1981 డిసెంబర్ 13న పోలండ్‌లో కమ్యూనిస్టు ప్రభుత్వం సైనిక పాలన పెట్టింది. ఫోన్లు కట్ చేశారు, సాలిడారిటీ కార్మిక సంఘం వాళ్లను వేల సంఖ్యలో లోపలేశారు. ఇంట్లో సంపాదించే మనిషి జైల్లో ఉంటే పిల్లలకు పాలెవరు పోస్తారు? విదేశాల నుంచి వచ్చిన మందులు, బట్టలు, తిండి సరుకులు ఫాదర్ యెజీ ఆ కుటుంబాలకు పంచేవారు. కార్మికుల మీద కేసులు నడుస్తుంటే కోర్టుకు వెళ్లి, ఇంటివాళ్ల పక్కన ముందు వరసలో కూర్చునేవారు. బోనులో నిలబడ్డవాడికి ఆయన కనబడాలని. నన్ను అన్నిటికంటే కదిలించింది ఇదే.

కార్మికులతో ఆయన పరిచయం 1980 ఆగస్టు 31న మొదలైంది. వార్సా ఉక్కు ఫ్యాక్టరీలో సమ్మె చేస్తున్నవాళ్లు పూజకు ఫాదర్ కావాలని అక్కడి కాథలిక్ చర్చి పెద్ద అయిన కార్డినల్‌కు కబురు పెట్టారు. ఈయన భయం భయంగానే వెళ్లారు. గేటు దాటగానే చప్పట్లు మోగితే, తన వెనక ఎవరో పెద్దవాళ్లు వస్తున్నారనుకున్నారట! ఆ చప్పట్లు ఆయనకే.

సైనిక పాలన వచ్చాక జోలిబోష్ పేటలోని సెయింట్ స్తానిస్వావ్ కోస్త్కా చర్చిలో నెలకోసారి దేశం కోసం పూజ జరిగేది. లోపల చోటు చాలక జనం రోడ్ల మీద నిలబడి వినేవారు. కీడును మేలుతో జయించాలన్న బైబిల్లోని పౌలు మాటే ఆయన పదే పదే చెప్పారు, ఎవరినీ కొట్టమనలేదు. అయినా ఆయన్ని బతకనివ్వలేదు. 1984 అక్టోబర్ 19 రాత్రి, బిడ్గోష్ అనే ఊరి నుంచి తిరిగొస్తుంటే రహస్య పోలీసులు ముగ్గురు కారు ఆపి ఎత్తుకుపోయారు. డ్రైవరు వాళ్ల కారులోంచి దూకి తప్పించుకోబట్టి విషయం బయటికొచ్చింది. 30న విస్తులా నది రిజర్వాయర్లో శవం దొరికింది. అప్పటికి ఆయన వయసు 37. వాళ్ల పై అధికారితో కలిపి నలుగురికి శిక్ష పడింది, 25 ఏళ్లు పడినవాళ్లు కూడా అన్నేళ్లు జైల్లో లేరు.

కాబట్టి మీ రెండో ప్రశ్నకు నా జవాబు: జైల్లో ఉన్నవాడి పిల్లలకు పాలు అందించడం రాజకీయమని నేననుకోను. ఆయనకు అది పూజలో భాగమే.

2010 జూన్ 6న వార్సాలో ఆయన్ని ధన్యుడిగా (సెయింట్‌గా ప్రకటించే ముందు మెట్టు ఇది) ప్రకటించినప్పుడు తల్లి మరియన్న అక్కడే ఉన్నారు. సమాధి ఆ చర్చి ఆవరణలోనే ఉంది, ప్లాత్స్ విల్సొనా మెట్రో స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లొచ్చు. చుట్టూ పెద్ద పెద్ద రాళ్లను పోలండ్ మ్యాప్ ఆకారంలో జపమాలలా పేర్చారు. నేను వెళ్లిన రోజు బామ్మ కూడా వచ్చింది. ఒక రాయి మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే నిలబడింది. నేను పిలవలేదు.