బీరువా ఖాళీ చేస్తే సరిపోతుందా?

ప్రశ్న: వీడియోలు చూసి సింపుల్‌గా బతకాలనిపించింది. ఉన్న బట్టలన్నీ ఎవరికైనా ఇచ్చేసి, లేత రంగుల్లో పది జతలు కొనుక్కుందామంటే, ‘ఇదీ ఫ్యాషనే’ అంటున్నారు మావారు. మీరేమంటారు?
– పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఈసారికి గెలుపు మీవారిదే. పది జతలు కొనడమూ షాపింగే కదా. పైగా మన దుమ్ముకు లేత రంగులు తొందరగా మాస్తాయి. ఊరికే ఉతుకుతుంటే బట్ట అంత త్వరగా చివికిపోతుంది.

ముందు హ్యాంగర్లన్నీ కొక్కేలు మీవైపు తిరిగేలా తగిలించండి. తొడిగి, ఉతికినవి మాత్రం మామూలుగా పెట్టండి. దసరాకు మొదలుపెడితే ఉగాదికల్లా లెక్క తేలుతుంది. అప్పటికీ కొక్కెం మీవైపే ఉన్నవంటే ముట్టనివి. వాటిని ఒక్కొక్కటే తీసి చూడండి: చంకల దగ్గర బిగువు, ఊడిన హుక్కు, విడిపోయిన ఫాల్, రంగు కలవని లంగా. చాలావరకు దర్జీ దగ్గర తీరిపోయేవే. కుర్తా పక్క కుట్టు తిరగేయండి. లోపల అంగుళం బట్ట ఉందా? ముందు ముక్కకూ వెనక ముక్కకూ రెండు పక్కలా అరంగుళం చొప్పున వదిలితే చుట్టుకొలత రెండంగుళాలు పెరుగుతుంది. అంచు కత్తిరించి, పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ కుట్టు కొట్టి పావంగుళమే ఉంచితే దర్జీ కూడా ఏమీ చేయలేడు. రెడీమేడ్ కొనేటప్పుడు ధర చీటీ కన్నా ముందు చూడాల్సింది ఇదే.

కాటన్ అని చెప్పి అమ్మే బట్ట అంచు నుంచి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని కాల్చండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి, మెత్తటి బూడిద రాలుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. నూలు బట్టను కుట్టించే ముందు రాత్రంతా నానబెట్టి ఆరేయాలి. మూడు శాతం కుంచించుకున్నా రెండున్నర మీటర్లలో మూడంగుళాలు పోతాయి. కుట్టించాక పోతే చుడీదార్ మడమ పైకెక్కుతుంది.

ప్రశ్న: వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానా ధర బజారులో ప్రింటు చాపకు ఎన్నో రెట్లు. సాదాగా బతకాలనుకునేవాళ్లకు అంత ఖర్చెందుకు?
– పాఠకుడు, జగిత్యాల

జవాబు: ఇంట్లో రోజూ కింద కూర్చుంటేనే కొనండి. షోకు కోసమైతే వద్దు. వరంగల్ దర్రీలకు, అంటే ఈ జంపఖానాలకే, 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అయినా పేరు విని కాకుండా తిప్పి చూసి తీసుకోండి. నేసిన డిజైన్ రెండు వైపులా కనిపిస్తుంది, అచ్చు వేసింది వెనక వెలిసినట్టుంటుంది. నెలకోసారి తిరగేసి పరిస్తే రెండు ముఖాలూ సమంగా అరుగుతాయి.

ప్రశ్న: అమ్మ పాత చీరలతో బొంత కుట్టాలి. ఎన్ని పడతాయి?
– పాఠకురాలు, ములుగు

జవాబు: ఒక్కరికైతే రెండు నూలు చీరలు చాలు. అయిదున్నర మీటర్ల చీరను అడ్డంగా సగానికి కోస్తే రెండు పొరలు, అంటే మొత్తం నాలుగు. చివికినవి లోపల, గట్టివి పైనా కిందా. కుట్టు నడుమ నుంచి అంచులకు నడవాలి. అంచు నుంచి మొదలుపెడితే మిగులు బట్టంతా మధ్యలో ముడతపడుతుంది. వరుసకూ వరుసకూ రెండు వేళ్ల ఎడం ఉంచండి. పాలిస్టర్ చీర కలపొద్దు, పొరలు జారిపోతాయి, చెమటా పీల్చదు. ఉతికితే బొంత నీళ్లు తాగి బరువెక్కుతుంది. ఒకే తీగ మీద వేలాడదీస్తే ఆ బరువుకు కుట్లు తెగుతాయి కాబట్టి రెండు తీగల మీద పరిచి ఆరేయండి.