చిన్నికి, క్రాంక్ సెన్సర్ మార్చే ముందు

చిన్నీ,

కారు క్రాంక్ సెన్సర్ నీ చేత్తో నువ్వే మార్చుకుంటానంటున్నావని మీ నాన్న నిన్న ఫోన్‌లో చెప్పాడు. వాడు భయపడుతూ చెప్పాడు. నాకు మాత్రం ముందు గర్వమే కలిగింది. ఫోన్ పెట్టేశాక భయం మొదలైంది. ఫోన్‌లో చెబితే సగం వింటావు, మిగతా సగం "సరేలే పెదనాన్నా" అంటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక్క మాట. ఈ పని అయ్యేదాకా ఆ బండిని ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించకు. మొన్న శంషాబాద్ దాటాక నడుస్తున్న బండి నడుస్తున్నట్టే ఆగిపోయిందట. పక్కకి తీసి కాసేపాగి, మళ్లీ స్టార్ట్ చేసుకుని ఆఫీసుకి వెళ్లిపోయావట. సాయంత్రం అదే బండిలో తిరిగి వచ్చావట కూడా! చదువుకున్న పిల్లవి, ఇంత మొండితనం ఎక్కడిదే నీకు? వంద స్పీడులో బళ్లు పోయే రోడ్డు మీద ఇంజన్ ఆగితే ఏమవుతుందో తెలుసా? పవర్ స్టీరింగ్ పోతుంది, స్టీరింగ్ చక్రం బరువెక్కి తిప్పడం కష్టమవుతుంది. బ్రేక్ ఒకటి రెండుసార్లు మామూలుగా పడుతుంది, ఆ తర్వాత బ్రేకుకి బలమిచ్చే బూస్టర్‌లో వాక్యూమ్ అయిపోయి పెడల్ గట్టిపడిపోతుంది. ఎప్పుడైనా అలా జరిగితే బ్రేకును పంపు కొట్టినట్టు కొట్టకు, ఒక్కసారి తొక్కి పట్టి ఉంచు. తాళం చెవి పూర్తిగా వెనక్కి తిప్పకు, స్టీరింగ్ లాక్ పడొచ్చు. నాలుగు ఇండికేటర్లూ వేసి, ఉన్న ఊపుతోనే ఎడమకి చేర్చి, దిగి రెయిలింగ్ అవతలకి వెళ్లిపో. బండిలో కూర్చుని ఫోన్ చేయకు. నేషనల్ హైవే అయితే 1033కి చెయ్యి, అది కూడా దిగాకే.

సరే, ఇప్పుడు సెన్సర్ సంగతి.

నేను పని నేర్చుకునే రోజుల్లో అంబాసిడర్లు, పద్మినీలు. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే పాయింట్లు కంటికి కనిపించేవి. ఫీలర్ గేజ్ పెట్టి గ్యాప్ చూసి, గరుకు కాగితంతో రుద్ది పంపించేవాళ్లం. 2000 ప్రాంతంలో ఎంపీఎఫ్‌ఐ బళ్లు, అంటే కంప్యూటర్ చెప్పినట్టు ఇంజెక్టర్లు పెట్రోల్ చిమ్మే బళ్లు, ఆటోనగర్‌లోకి రావడం మొదలయ్యాక సగం మంది మెకానిక్‌లు బెదిరిపోయారు. జబ్బు కంటికి కనపడదు, ఏం చేయాలి? నాకు ఆ చీకటి తొలగింది క్రాంక్ సెన్సర్ దగ్గరే. అది అర్థమైతే ఇంజన్ కంప్యూటర్ ఏం ఆలోచిస్తుందో అర్థమవుతుంది.

ఇంజన్‌లో క్రాంక్ షాఫ్ట్‌తో పాటు తిరిగే పళ్ల చక్రం ఒకటి ఉంటుంది. చాలా బళ్లలో అరవై పళ్ల చోటు చేసి, అందులో రెండు తీసేసి 58 ఉంచుతారు. ఆ చక్రానికి మిల్లీమీటరు అటూ ఇటుగా దూరంలో, తాకకుండా, సెన్సర్ కూర్చుంటుంది. ఒక్కో పన్ను ముందు నుంచి పోయినప్పుడల్లా ఒక పల్స్ పంపిస్తుంది. రెండు పళ్లు లేని ఖాళీ వచ్చినప్పుడు కంప్యూటర్‌కి పిస్టన్ ఎక్కడుందో తెలుస్తుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర, అంటే నిమిషానికి 3000 చుట్లు తిరిగితే, సెకనుకి 2900 పల్సులు. ఇవి వస్తేనే స్పార్క్ ఇస్తుంది, ఇంజెక్టర్ తెరుస్తుంది. రాకపోతే ఇంజన్ తిరగట్లేదనుకుని రెండూ ఆపేస్తుంది. కొన్ని బళ్లు క్యామ్ షాఫ్ట్ దగ్గరుండే ఇంకో సెన్సర్‌ని (క్యామ్ సెన్సర్) నమ్ముకుని చాలాసేపు సెల్ఫ్ కొట్టించుకుని స్టార్ట్ అవుతాయి, కొన్ని అసలు కావు.

వేడెక్కితే ఆగడం, చల్లారితే మళ్లీ ఏమీ జరగనట్టు స్టార్ట్ అవ్వడం ఈ సెన్సర్ జబ్బుకి పెద్ద గుర్తు. లోపలి కాయిల్‌లో వెంట్రుక లాంటి తీగ ఉంటుంది. అది ఎక్కడైనా చిట్లితే వేడికి సాగి విడిపోతుంది, చల్లారాక మళ్లీ కలుస్తుంది. నీ బండిది అదే అయ్యుంటుందని నాకూ అనిపిస్తోంది. కానీ అనిపించడం వేరు, తేల్చుకోవడం వేరు. నువ్వు అప్పుడే ఆన్‌లైన్‌లో సెన్సర్ ఆర్డర్ పెట్టేశావని విన్నాను. అక్కడే నాకు భయం వేసింది. ఎందుకో చెబుతాను, ఓపిగ్గా చదువు.

నేను చిన్న మెకానిక్‌గా ఉన్న షెడ్డులో ఒక మేస్త్రి ఉండేవాడు. మంచి పనివాడు, చేతిలో పనితనం ఉన్నవాడు, ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. తెనాలి వైపు నుంచి ఒక బియ్యం వ్యాపారి తన కారు తెచ్చాడు. నీ బండిలాగే, దూరం వెళ్తే ఆగిపోతోంది. షెడ్డుకి వచ్చేసరికి మాత్రం ఎప్పుడూ చక్కగా స్టార్ట్ అయ్యేది, ఎంతసేపు ఉంచినా ఆగేది కాదు. మేస్త్రి పెట్రోల్ పంప్ అన్నాడు, మార్చాడు. వారం తిరక్కుండా బండి మళ్లీ వచ్చింది. ఇగ్నిషన్ కాయిల్ అన్నాడు, అదీ మార్చాడు. మళ్లీ వచ్చింది. అప్పుడు ఎవరో ఇంజన్ కంప్యూటర్ రాసుకున్న తప్పుల కోడ్లు చదివే స్కానర్ తెచ్చి పెడితే క్రాంక్ సెన్సర్ కోడ్ చూపించింది. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. కొత్త సెన్సర్ తెప్పించి, కింద పడుకుని పాతది ఊడదీసి, కొత్తది బిగించి, వైరు చివర ఉండే కప్లర్ టక్కుమని పెట్టి లేచాడు. బండి బాగానే నడిచింది. వ్యాపారి సంతోషించి డబ్బులిచ్చి వెళ్లాడు.

తర్వాత ఒక రాత్రి ఆయన ముసలి తల్లిని ఆసుపత్రిలో చూపించి గుంటూరు నుంచి తీసుకొస్తుంటే, హైవే మధ్య లేన్‌లో బండి చచ్చిపోయింది. లైట్లు మసక. వెనక నుంచి లోడు లారీ. ఆ డ్రైవరు ఆఖరి క్షణంలో చూసి పక్కకి తిప్పాడు. అద్దం ఒక్కటే పోయింది. ఆయన తెల్లారి షెడ్డుకి వచ్చి కేకలు వేయలేదు. బల్ల మీద కూర్చుని, "మా అమ్మ రాత్రంతా ఏడ్చిందయ్యా" అన్నాడు. మేస్త్రి ముఖం ఎత్తలేకపోయాడు.

ఆ రోజు బండిని పిట్ మీదకి ఎక్కించి దీపం పట్టుకోమని నన్ను పిలిచారు. సెన్సర్ నుంచి పైకి వెళ్లే వైరు చూశాం. దాన్ని పట్టి ఉంచే క్లిప్ ఎప్పుడో విరిగిపోయింది. వైరు వేలాడి సైలెన్సర్ పైపుకి ఆనుకుంటోంది. పైన చుట్టిన టేపు గట్టిపడి అప్పడంలా పెళుసైంది, వేలితో నొక్కితే పొడిపొడిగా రాలింది. లోపల ప్లాస్టిక్ కరిగి రాగి బయటపడింది, ఆ రాగికి పచ్చగా చిలుము పట్టింది. నాలుగైదు పోగులే మిగిలాయి, మిగతావి తెగిపోయాయి. ఇంజన్ ఊగినప్పుడల్లా ఆ పోగులు పైపుని తాకి సిగ్నల్ ఎర్త్ అయిపోతోంది. మొదటి రోజు నుంచీ జబ్బు అదే. పంప్‌కి జబ్బు లేదు, కాయిల్‌కి జబ్బు లేదు, పాత సెన్సర్‌కీ జబ్బు లేదు. మేస్త్రి కొత్త సెన్సర్ పెట్టిన రోజు ఆ వైరు ఆయన ముఖానికి జానెడు దూరంలో ఉంది. పార్టు చేతిలో ఉంది కాబట్టి పార్టు వైపే చూశాడు.

అందుకే తల్లీ, కొత్త సెన్సర్ డబ్బా ఇంటికి వచ్చినా విప్పకు. ముందు చూడు.

నీది 2014 బండి కాబట్టి ఓబీడీ సాకెట్‌కి, అంటే స్కానర్ తగిలించే చోటికి, మామూలు స్కానర్ సరిపోతుంది. పి0335 గానీ పి0336 గానీ వస్తే సెన్సర్ పాడైందని కాదు, ఆ సర్క్యూట్‌లో ఎక్కడో తేడా ఉందని. సెన్సర్, కప్లర్, వైరు, పళ్ల చక్రం, అన్నీ అందులోకే వస్తాయి. కోడ్ రాలేదంటే సెన్సర్ బాగుందనీ కాదు. అసలైన పరీక్ష బండి ఆగినప్పుడే చేయాలి. కాలనీలోనే రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా వేడెక్కించు, ఆగిపోనివ్వు. ఆగాక సెల్ఫ్ కొడుతూ స్కానర్‌లో ఆర్‌పీఎం చూడు. స్టార్టర్ గిర్రున తిరుగుతున్నా సున్నా చూపిస్తుంటే జబ్బు ఈ దారిలోనే ఉంది. రెండు మూడు వందలు చూపిస్తుంటే పెట్రోల్ వైపు, స్పార్క్ వైపు వెతుకు, సెన్సర్ జోలికి పోకు.

తర్వాత కప్లర్ ఊడదీసి లోపలికి చూడు. ఆయిల్ ఉందా, పిన్ వెనక్కి పోయిందా, చిలుము ఉందా. వైరుని వేళ్లతో తడుముతూ పైదాకా వెళ్లు. ఎలుకలు కొరికి ఉంటాయి కూడా, మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎలుకలున్నాయని మీ అమ్మ చెప్పింది. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా పొడుగాటి కర్రపుల్లతో వైరుని కదిపితే ఆర్‌పీఎం తడబడుతుందేమో చూడు. చున్నీ తీసి పక్కన పెట్టి, జుట్టు ముడేసుకుని చెయ్యి ఈ పని. రేడియేటర్ ఫ్యాన్ ఇంజన్ ఆపాక కూడా తనంతట తనే తిరుగుతుంది, అది చెప్పి తిరగదు.

సెన్సర్‌కి రెండు వైర్లే ఉంటే కాయిల్ రకం అయ్యుంటుంది. మీటర్ ఓమ్స్‌లో పెట్టి కొలువు. చాలావాటికి కొన్ని వందల నుంచి వెయ్యి పైచిలుకు దాకా ఉంటుంది, నీ బండికి ఎంతో మాన్యువల్‌లో చూసుకో. చల్లగా ఒకసారి, వేడిగా ఆగినప్పుడు ఒకసారి కొలిచి రాసుకో. వేడిలో అంతులేకుండా చూపిస్తే సెన్సర్ పోయినట్టే. మూడు వైర్లుంటే చాలావరకు హాల్ రకం, అంటే లోపల చిప్పు ఉండేది, దానికి ఓమ్స్ పెట్టకు. తాళం ఆన్ చేసి, కప్లర్‌లో కరెంట్ వస్తోందా, ఎర్త్ ఉందా అని చూడు. బండిని బట్టి 5 వోల్టులో 12 వోల్టులో ఉంటుంది. ఆ రెండూ బాగుండి, వైరు కంప్యూటర్ దాకా తెగకుండా ఉండి, ఆర్‌పీఎం మాత్రం రాకపోతే అప్పుడు సెన్సర్‌ని అను.

అన్నీ చూశాక సెన్సరే అని తేలితే మార్చడం చిన్న పని. నువ్వు ఆర్డర్ పెట్టింది సరైనది కాకపోతే, మళ్లీ కొనేటప్పుడు స్పీడ్ సెన్సర్ అని అడగకు, చక్రానిదో గేర్‌బాక్సుదో చేతిలో పెడతారు. క్రాంక్ సెన్సర్ అని, ఛాసిస్ నంబరు చెప్పి, కంపెనీ పార్టే తీసుకో. డూప్లికేట్ వద్దు, ఈ ఒక్క దాంట్లో పిసినారితనం చేయకు, కావాలంటే డబ్బులు నేను పంపిస్తాను.

ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వు. బ్యాటరీ నెగటివ్ తీసెయ్యి. ఒకే బోల్ట్ ఉంటుంది, చాలావాటికి 10 నంబర్ స్పానర్. సెన్సర్ బిగుసుకుని ఉంటే స్క్రూడ్రైవర్‌తో పొడిచి ఎత్తకు, ప్లాస్టిక్ విరిగి ముక్క లోపల ఉండిపోతుంది. అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ లాగు. బయటికి వచ్చాక దాని మొన చూడు, ఇనప రజను అంటుకుని ఉంటే ఆ రంధ్రం చుట్టూ కూడా శుభ్రంగా తుడువు. పళ్లు దెబ్బతిన్నాయేమో టార్చి వేసి చూడు. కొత్తదాని రబ్బరు ఓ-రింగుకి ఒక చుక్క ఇంజన్ ఆయిల్ రాసి, వేళ్లతోనే నొక్కి కూర్చోబెట్టు. సుత్తి వద్దు. గమ్, ప్యాకింగ్ ఏమీ పెట్టకు, చక్రానికీ దానికీ ఉన్న దూరం మారిపోతుంది. బోల్ట్ అల్యూమినియంలోకి పోతుంది, మణికట్టు బలం చాలు. ఎక్కువ బిగిస్తే మరలు పోతాయి. వైరుని మాత్రం పాత దారిలోనే, పాత క్లిప్పుల్లోనే, సైలెన్సర్‌కి దూరంగా కట్టు. క్లిప్ విరిగి ఉంటే కొత్తది కొను.

ఇక నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటి ఉంది. ఆ సెన్సర్ కింద నుంచే అందుతుందట, మీ నాన్న చెప్పాడు. బండితో వచ్చిన జాకీ టైరు మార్చడానికి, దాని కింద మనిషి పడుకోవడానికి కాదు. బండిని మోసే జాకీ స్టాండ్లు రెండు కొను. గట్టి నేల మీద, హ్యాండ్ బ్రేక్ వేసి, గేర్‌లో పెట్టి, వెనక టైర్లకి ముందూ వెనకా దొర్లకుండా అడ్డుదిమ్మలు వేసి, స్టాండ్ల మీద కూర్చోబెట్టి, బండిని గట్టిగా ఊపి చూశాకే కిందకి దూరు. ఇటుకలు, సిమెంట్ దిమ్మలు పెట్టకు, అవి చెప్పకుండా పగులుతాయి. ఒంటరిగా చేయకు. మీ నాన్నని పక్కన కుర్చీ వేసి కూర్చోమను, వాడికి స్పానర్ అందించడం కూడా రాదు కానీ కేక వేయడం వచ్చు.

వేసవి సెలవులకి వచ్చినప్పుడు నువ్వు షెడ్డులో నట్లన్నీ సైజు ప్రకారం డబ్బాల్లో సర్దేదానివి, గుర్తుందా? మీ పెద్దమ్మ గ్రీజు మరకలని తిట్టేది. ఒక్క నట్టు తప్పు డబ్బాలో పడ్డా ఊరుకునేదానివి కాదు. ఆ పిల్ల ఇప్పుడు మీటర్ పట్టుకుని బండి కింద దూరుతుందంటే నాకు ఎంత బాగుందో రాయడం రావట్లేదు.

బిగించడం అయ్యాక కోడ్ తుడిచెయ్యి. కొన్ని బళ్లకి స్కానర్‌తో కొత్త సెన్సర్‌ని గుర్తు పట్టించాలి, మాన్యువల్‌లో చూడు. ఆ తర్వాత వెంటనే ఆఫీసుకి బయలుదేరకు. కాలనీలో ఫ్యాన్ రెండు మూడుసార్లు తిరిగేదాకా నడిపి, వేడిలోనే ఆపి, వేడిలోనే స్టార్ట్ చేసి చూడు. అలా వారం పాటు ఊళ్లోనే తిప్పు. బస్సులున్నాయి, మెట్రో ఉంది, ఆఫీసు ఎక్కడికీ పోదు. వారంలో ఒక్కసారి కూడా ఆగకపోతే నాకు ఫోన్ చెయ్యి, అప్పుడు ఔటర్ ఎక్కుదువుగాని. పని మొదలుపెట్టే ముందు ఆ వైరు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. క్లిప్పులు కూడా కనపడాలి.

మీ పెదనాన్న