ముందు చెవి పరీక్ష, ఆ తర్వాతే థెరపీ

మూడేళ్లు నిండినా బాబు పది మాటలు దాటడం లేదు, జూన్‌లో ఎల్‌కేజీకి ఎలా పంపాలి అని అడిగారు కదండీ. మా వాడిదీ ఇదే కథ. "మగపిల్లలకి మాటలు ఆలస్యమే, వాళ్ల నాన్నా అంతే" అని మా అత్తగారంటే ఏడాది ఊరుకున్నాం. మీరలా ఆగకండి. రెండేళ్లకే "అమ్మా రా", "పాలు కావాలి" అని రెండేసి మాటలు కలపాలి.

ముందు వినికిడి చూపించండి. పిలిస్తే తిరుగుతున్నాడు కదా అని వదిలేయొద్దు. జలుబుకి చెవి లోపల నీరు చేరినా మాట మసకగానే వినిపిస్తుంది. శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో చూసే బెరా పరీక్షని నిద్రలో ఉండగా చేస్తారు, నొప్పేమీ ఉండదు. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో (జీజీహెచ్) డీఈఐసీ, అంటే పిల్లల ఎదుగుదల లోపాల్ని ముందుగా గుర్తించి సాయం చేసే కేంద్రం, గురించి అడగండి. కేంద్రం 2013లో తెచ్చిన బాలల ఆరోగ్య పథకం కింద 18 ఏళ్ల లోపు పిల్లలకి ఈ సేవలు ఉచితం. ప్రైవేటుగా వెళ్తే స్పీచ్ థెరపిస్టుకి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. మేం విజయవాడలో మొదట వెళ్లినచోట అడగలేదు, మూడు నెలలు బొమ్మల కార్డులతో గడిచిపోయాయి.

అసలు పని ఇంట్లోనే. చక్కెరకేళి మా వాడికి అందకుండా పట్టుకుని, "పండు" అని ఒక్కసారి చెప్పి, మనసులో పది లెక్కపెట్టేదాన్ని. మొదట్లో "ప" అన్నా ఇచ్చేశాను. నెలకి "పందూ" అన్నాడు! ఫోన్ చూపిస్తూ అన్నం పెట్టడం మానేసిన వారం మాత్రం ఇంట్లో కురుక్షేత్రమే.

స్కూల్ కోసమని ఇంట్లో ఇంగ్లీషులోకి మారిపోకండి, తెలుగులోనే మాట్లాడండి. బాత్రూంకి వాడు చేసే సైగ ఏమిటో టీచరుకి మొదటిరోజే చెప్పేయండి.